స్టెల్లారిస్‌ల ఓడిపోతున్నప్పుడు ఏది మేలు: దారి మూసి కొట్లాడుడా, సంధా, పెద్దోని కింద చేరుడా?

స్టెల్లారిస్ అంటే అంతరిక్షంల సామ్రాజ్యం కట్టి నడిపే కంప్యూటర్ గేమ్. మన ఫ్లీట్ (యుద్ధనౌకల దండు) ఖతం అయింది, శత్రువు మన రాజధాని పక్క సిస్టమ్ (ఒక నక్షత్రం, దాని చుట్టున్న ప్లానెట్లు) దాకా వచ్చిండు, కుడిపక్క లిస్టుల సగం పేర్లు ఎర్రగ మెరుస్తున్నయ్. ఇక్కడికొచ్చినంక చానామంది చేసే పని ఒక్కటే, గేమ్ బంద్ చేసి కొత్తది షురూ చేసుడు. గేమ్ లెక్కల 2200 సంవత్సరంల మొదలువెట్టి ఓపికతోని అరవై డెబ్బై ఏండ్లు నడిపిన సామ్రాజ్యాన్ని ఒక్క యుద్ధానికే పారేసి పోతరు. నాకైతే అది నచ్చదు. గెలుస్తున్న గేమ్‌ల మనం చేసేదేముంది, నెల నెల అల్లాయ్స్ (షిప్పులు కట్టే లోహం) పెరుగుతుంటయ్, చూస్కుంట కూసుంటం. ఓడిపోతున్నప్పుడే ఒక్కో నెలకు ఒకసారి పాజ్ కొట్టి ఆలోచన చెయ్యాల్సి వస్తది.

1993ల వచ్చిన మాస్టర్ ఆఫ్ ఓరియన్ కాలం కెళ్లి ఈ జాతి ఆటలన్నిట్ల ఒక రోగం ఉంది, ముందుకు పోయినోడు ఇంకింత ముందుకు పోతనే ఉంటడు, ఎనకబడ్డోడు ఇంకింత ఎనకబడుతడు. 2016ల పారడాక్స్ వాళ్లు తెచ్చిన స్టెల్లారిస్‌ల కూడ ఆ రోగం పోలే, గని తప్పించుకునే సందులు మాత్రం మస్తున్నయ్, అవి చూడకనే మనోళ్లు చేతులెత్తేస్తున్నరు.

నల్లగొండల మేం నలుగురం, మహబూబ్‌నగర్‌ల ఉండే మా బామ్మర్ది ఐదోటోడు, కలిసి ఆడుతుంటం, ఎవడన్న ఓడిపోవుడు మొదలైందంటే ఇదే పంచాయితి. బామ్మర్దిది దారి మూసి చచ్చేదాక కొట్లాడాలనే వాదం. ఇంకో దోస్తు వెంటనే స్టేటస్ కో, అంటే ఉన్నకాడికి యుద్ధం ఆపే సంధి, పెట్టు అంటడు. ఇంకొకడు అయితే అసలు లొల్లే వద్దు, పెద్ద సామ్రాజ్యం చూసి దానికింద వాసల్‌గ, అంటే సామంతునిగ, చేరితే పీడ వాయె అంటడు. నా మాట ముందే చెప్తున్న, ఎదురుంగ ఉన్నది మామూలు సామ్రాజ్యమైతే తొందరగ చేస్కున్న సంధే మేలు, మిగతా రెండూ దాని ఎనకాల వచ్చేటియి. ఎందుకో చెప్త.

ముందుగాల రెండు లెక్కలు చూస్కోవాలె. పైన బార్‌ల అల్లాయ్స్ మీద మౌస్ పెడితే నెలకు ఎంత వస్తుందో కనబడతది కదా, మొదలు అది. ఫ్లీట్ పోయి, అల్లాయ్స్ తయారయ్యే ప్లానెట్ మన చేతుల్నే ఉంటే ఏం కాలేదన్నట్టే లెక్క, కట్టుకోవచ్చు. ఫ్లీట్ ఉండి ఆ ప్లానెట్ పోయిందనుకో, ఇగ అదే ఆఖరి ఫ్లీట్. మినరల్స్, తిండి, కన్స్యూమర్ గూడ్స్ అమ్మి మార్కెట్ల అల్లాయ్స్ కొనొచ్చు గని కొన్నకొద్దీ రేటు ఎక్కుతది, మీదికెళ్లి ఫీజు ఒకటి, ఒకట్రెండు నెలలు గట్టెక్కుతందుకే తప్ప దాని మీద సంసారం నడవది. రెండోది వార్ ఎగ్జాషన్, అంటే యుద్ధంతోని వచ్చే అలసట లెక్క, మనది ఎంత, వాళ్లది ఎంత. ఇది టైం గడిచినకొద్దీ పెరుగుతది, షిప్పులు పోతే పెరుగుతది, ప్లానెట్లు పోతే పెరుగుతది. ఈ రెండు చూడకుంట ఏది మేలు అని అడిగితే ఎవ్వడూ చెప్పలేడు.

దారి మూసుడు సంగతి. ఇది బామ్మర్ది ఫేవరెట్ కాబట్టి దీని మంచీ చెడూ అన్నీ మావోడి మీదికెళ్లే చూసిన. స్టెల్లారిస్‌ల షిప్పులు చానావరకు హైపర్‌లేన్ల (సిస్టమ్‌లను కలిపే దారుల) మీదనే పోతయి, పొలాల మీద పడి అడ్డదిడ్డం పోవుడు ఉండదు. మ్యాప్ జూమ్ అవుట్ చేసి చూస్తే ఎక్కడో ఒకకాడ రెండు మూడు దారులు కలిసి ఒక్క సిస్టమ్ గుండ పోతుంటయ్, అక్కడ స్టార్‌బేస్ (సిస్టమ్‌ను కాసే అంతరిక్ష కోట) పెంచి ఎఫ్‌టీఎల్ ఇన్‌హిబిటర్ (షిప్పులను ముందుకు పోనియ్యని యంత్రం) ఉంటే శత్రువు ఆ స్టార్‌బేస్ తీసుకునేదాక అవతలికి పోలేడు, వచ్చిన దారినే ఎనకకు పోవాలె. సంక్రాంతికి పంతంగి టోల్ ప్లాజా కాడ విజయవాడ దిక్కు పోయే బండ్లన్నీ ఎట్ల ఆగుతయో గట్ల. ఇన్‌హిబిటర్ టెక్ వచ్చినంక ప్లానెట్ మీద ఫోర్ట్రెస్ బిల్డింగ్ కట్టినా అదే పని చేస్తది, ఇది చానామందికి తెల్వదు, స్టార్‌బేస్ పోయినా ప్లానెట్ పోనంతసేపు దారి మూసే ఉంటది.

బామ్మర్ది ఒకసారి పల్సర్ ఉన్న సిస్టమ్‌ల కూసున్నడు. పల్సర్ అంటే ఒక రకం నక్షత్రం, అక్కడ ఎవ్వని షీల్డులూ పనిచెయ్యవు, సున్నా. మావోడు ఏం చేసిండంటే షిప్ డిజైనర్ తెరిచి ఉన్న షీల్డులన్నీ పీకి ఆర్మర్ పెట్టిండు, షీల్డులు కొడుతందుకు పెట్టుకున్న కైనటిక్ గన్నులు తీసేసి ఆర్మర్‌ను తినే లేజర్లు ఎక్కించిండు, ఫ్లీట్ మొత్తం షిప్‌యార్డ్‌కు పంపి అప్‌గ్రేడ్ చేయించిండు, తర్వాత స్టార్‌బేస్ పక్కన్నే నిలబెట్టి ఇగ రా అన్నడు. వచ్చినోని ఫ్లీట్ పవర్ వీనికి రెండింతల పైన కనిపిస్తుంది గని అందుల సగం బలం షీల్డులదే, పల్సర్ల అడుగు పెట్టంగనే అది గాయబ్. కొట్లాట అయిపోయేసరికి అవతలోడు ఎమర్జెన్సీ ఎఫ్‌టీఎల్ కొట్టి పారిపోయిండు, మేం నలుగురం హెడ్‌సెట్లల్ల ఒకటే అరుపులు. ఇందుల నేర్చుకునేది ఏందంటే ఫ్లీట్ పవర్ నంబర్ చూసి గుండె జారగొట్టుకోవద్దు, ఏ ఆయుధం దేన్ని కొడుతదో చూడాలె. మిసైళ్లు షీల్డును దాటి పోతయ్, డిస్‌రప్టర్లు షీల్డు ఆర్మర్ రెండూ దాటి పోతయ్, ఓడిపోతున్నోనికి ఈ లెక్కలే దిక్కు.

మరి గిదే మేలు కదా అంటరేమో. ఆగుండ్రి. తర్వాత ఏమైంది? అల్లాయ్స్ అన్నీ ఆ ఒక్క స్టార్‌బేస్‌కు, దాని చుట్టు డిఫెన్స్ ప్లాట్‌ఫామ్‌లకు పోసుడే అయింది. కొత్త కాలనీ లేదు, రీసెర్చ్ పెరగలే, అవతలోడు మాత్రం వేరే దిక్కు పోయి ఇంకో చిన్న సామ్రాజ్యాన్ని మింగిండు, మల్లొచ్చినప్పుడు బ్యాటిల్‌షిప్‌లతోని వచ్చిండు. ప్లాట్‌ఫామ్‌లు అక్కడి కెళ్లి కదలవు, గెలిచినా ఎంటబడి తరుముతందుకు పనికిరావు. దారి మూసుడు టైం కొని పెడుతది, అంతే, కొన్న టైంల ఏం చెయ్యాలన్నది వేరే ముచ్చట.

ఇగ సంధి. మనోళ్లకు స్టేటస్ కో అంటే ఓటమి ఒప్పుకున్నట్టు చిన్నతనం అనిపిస్తది, అసలు కాదు. సరెండర్ వేరు, ఇది వేరు. సరెండర్ చేస్తే వాడు క్లెయిమ్ పెట్టినయన్నీ (ఇవి నావి అని చెప్పుకున్న సిస్టమ్స్) వానికి పోతయ్. స్టేటస్ కోల అయితే క్లెయిమ్ ఉండి, ప్లస్ పూర్తిగ ఆక్యుపై చేసిన సిస్టమ్స్ మాత్రమే పోతయ్. ఈ పూర్తిగ అన్న మాటకాడనే ఆట అంత ఉంది. సిస్టమ్‌ల మన కాలనీ ఉంటే స్టార్‌బేస్ పట్టుకుంటే సరిపోదు, ప్లానెట్ల కూడ ఆర్మీ దింపి గెలవాలె. అందుకే యుద్ధం ఓడిపోతున్నం అని తెలిసిన నెలనే, కొత్త షిప్పు ఒకటి ఆపైనా సరే, సరిహద్దు ప్లానెట్లల్ల ఫోర్ట్రెస్‌లు కట్టాలె. నా గేమ్‌ల గట్లనే అయింది, స్టార్‌బేస్ పోయి ఎర్రగైంది, పైనకెళ్లి బాంబులు పడుతనే ఉన్నయ్, ఆర్మీలు రెండుమార్లు దిగి రెండుమార్లు ఓడిపోయినయ్, ఈ నడ్మల వాళ్ల ఎగ్జాషన్ ఎక్కుతనే ఉంది. సంధి కుదిరినప్పుడు ఆ సిస్టమ్ స్టార్‌బేస్‌తోని సహా మల్ల నా చేతికే వచ్చింది. పోయినయి మాత్రం కాలనీ లేని ఉత్త ఔట్‌పోస్టులు, మైనింగ్ స్టేషన్లు ఉన్నయి, పోతే పోనీ.

ఇంకోటి, ఎవరి ఎగ్జాషన్ 100 అయితే వాళ్ల మీద 24 నెలల తర్వాత అవతలోళ్లు బలవంతంగ స్టేటస్ కో రుద్దొచ్చు. ఇది రెండు దిక్కుల పనిచేస్తది. మనం గెలవాల్సిన పనే లేదు, వాళ్లకు షిప్పులు పోయేటట్టు చేసి వాళ్లది నిండేదాక ఈడుస్తే చాలు. అందుకే వార్ డాక్ట్రిన్‌ల నో రిట్రీట్ పెట్టుకున్నోళ్లను చూస్తే నాకు నవ్వొస్తది, గెలిచేటోనికి అది ముద్దుగుంటది, ఓడేటోని షిప్పులు ఒక్కటి కూడ తప్పించుకొని రాదు. హిట్ అండ్ రన్ పెట్టు, దెబ్బ తిన్న షిప్పు డిస్‌ఎంగేజ్ అయి ఇంటికి వస్తది, రిపేర్ చేస్కోవచ్చు, కొత్తది కట్టే అల్లాయ్స్ మిగిలినట్టే కదా. కొట్లాట అయిన కాడ శిథిలాలు పడి ఉంటయ్, అవి మన సిస్టమ్‌ల ఉంటే సైన్స్ షిప్‌ను పంపి అనలైజ్ చేయిస్తే వాళ్ల టెక్ మనకు కొంత తెలుస్తది, ఓడిన కొట్లాటల కూడ ఏదో ఒకటి దొరుకుతది అన్నట్టు.

సంధి లేటుగ చేస్కుంటే మాత్రం లాభం లేదు. అల్లాయ్స్ తయారయ్యే ఫోర్జ్ ప్లానెట్ మీద ఆర్మీ దిగినంక స్టేటస్ కో అంటే ఏం మిగులుతది? రెండు మూడు ఔట్‌పోస్టులు పోయిన కాడనే చేస్కోవాలె, మనసు ఒప్పదు గని.

వాసల్ కథ వేరే. 2022ల ఓవర్‌లార్డ్ డీఎల్‌సీ (గేమ్‌కు విడిగ కొనుక్కునే అదనపు భాగం) వచ్చినకాడికెళ్లి దీంట్ల షరతులు కూసొని మాట్లాడుకోవచ్చు, నెలకు ఏ సరుకుల ఎంత శాతం కట్టాలె, యుద్ధమొస్తే ఎవరు ఎవరికి రావాలె, మనం విస్తరించుకోవచ్చా లేదా, అన్నీ. బుల్వార్క్ అని ఒక రకం ఉంది, సరిహద్దు కాపలా కాసే వాసల్, డిఫెన్స్ బోనస్‌లు వస్తయ్ కాబట్టి దెబ్బ తిన్నోనికి అది నయం. ఇక్కడ మా వాళ్లు గడబిడ పడేది ఎక్కడంటే, కొట్టినోని కింద చేరుడు వేరు, వాని పగోని కింద చేరుడు వేరు. కొట్టినోని కింద చేరితే వాడు ఇంకింత బలిసి, మన అల్లాయ్స్ తోనే ఇంకోని మీదికి పోతడు, ఇది నాకు ససేమిరా. పగోని కింద అయితే అర్థముంది, మన మీదికి వస్తే వాని మీదికి వచ్చినట్టే. గని అది యుద్ధం నడుస్తుండంగ కుదిరేది కాదు, ముందు సంధి కావాలె, తర్వాత ఆ ట్రూస్ (మల్ల యుద్ధం చెయ్యరాని గడువు) టైంల పోయి అడగాలె. అందుకే సంధే మొదలు అంటున్న. బయటికొచ్చే దారి కూడ ఉంది, ఇంకో పెద్ద సామ్రాజ్యానికి సీక్రెట్ ఫియాల్టీ ఇస్తే వాళ్లు మన కోసం యుద్ధం ప్రకటించొచ్చు. గని గీ వాసల్ బతుకుల ఆట స్లో అయితది, ఎవని యుద్ధాలకో మన షిప్పులు పోతుంటయ్, మా దోస్తు చెప్పినంత హాయి ఏం లేదు.

మరాడర్లకు (అంతరిక్షంల దోపిడీ దండులు) ఎనర్జీ కట్టి కిరాయి ఫ్లీట్ తెచ్చుకునుడు ఒకటుంది, ఖజానల పైసలు బాగుంటే మంచిదే, ఓడిపోతున్నోని ఖజాన ఎట్లుంటదో చెప్పక్కర్లే. ఎనకనుంచి పోయి శత్రువు షిప్‌యార్డులు కొడుత అనేటోళ్లకు ఒకటే మాట, వానికాడ కూడ ఇన్‌హిబిటర్ ఉంటది.

ఇగ ఈ లెక్కలన్నీ తలకిందులయ్యే సందర్భం ఒకటి. ఎదురుంగ ఉన్నది ఫనాటిక్ ప్యూరిఫైయర్, డివౌరింగ్ స్వార్మ్, డిటర్మిన్డ్ ఎక్స్‌టర్మినేటర్ లాంటి, పక్కోళ్లను తుడిచిపెట్టే రకమైతే అది టోటల్ వార్ చేస్తది, క్లెయిమ్‌తోని పని లేదు, పట్టుకున్న సిస్టమ్ అప్పటికప్పుడే దానిది అయిపోతది. వాసల్‌గ చేరుత అంటే తీస్కోదు, జనాన్ని కూడ ఉంచదు. అక్కడ బామ్మర్ది మాటే కరెక్ట్, దారి మూసుడు తప్ప ఇంకోటి లేదు, పల్సర్ దొరికితే నీ అదృష్టం. అందుకే యుద్ధం రాకముందే పక్కోడు ఎసొంటోడో ఒకసారి క్లిక్ చేసి చూస్కోవాలె.

మనుషులతోని ఆడేటప్పుడు ఇంకో తేడా. ఏఐ అలసిపోతే ఆగుతది, దోస్తుగాడు ఆగడు, ట్రూస్ అయిపోయిన మరుసటి నెలనే మల్లొస్తడు, తారీఖు రాసి పెట్టుకుంటడు. పైగా ఐరన్‌మ్యాన్ మోడ్ పెట్టుకొని ఒక్కనివే ఆడుతున్నవా, ఉన్నది ఒక్కటే సేవ్, ఎనకకు పోయి మల్ల లోడ్ చేస్కుందమంటే కుదరది. కొత్త గేమ్ షురూ చేసుడు తప్పని నేను అనను, ఫోర్జ్ పోయి, రాజధాని పోయి, గేమ్‌ల 2400 సంవత్సరం దాటి క్రైసిస్ (ఆట ఆఖర్ల వచ్చే పెద్ద ఆపద) కూడ దిగిందంటే నేనైనా బంద్ చేస్త.

సంధి అయినంక ట్రూస్ పదేండ్లు ఉంటది. దాన్ని ఎట్ల వాడుతవు అనేదాంట్లనే గెలుపు ఓటమి. నేనైతే మొదటి సంవత్సరమే ఎకనామిక్ పాలసీ మిలిటరైజ్డ్‌కు (అల్లాయ్స్ ఎక్కువ వచ్చేటందుకు) మారుస్త, ఎందుకంటే ఒకసారి మారిస్తే పదేండ్లు మల్ల ముట్టుకోరాదు, ఎట్లైనా ట్రూస్ కూడ అంతే కదా. ఇన్‌ఫ్లుయెన్స్ (పలుకుబడి పాయింట్లు) మొత్తం క్లెయిమ్‌లకు పెట్టను, సగం ఉంచి డిఫెన్సివ్ ప్యాక్ట్ కోసమో ఫెడరేషన్ల చేరుతందుకో చూస్త. దారి కలిసే సిస్టమ్‌ల స్టార్‌బేస్, సరిహద్దు ప్లానెట్ల ఫోర్ట్రెస్ అయిపోయినంకనే షిప్పులు. పదేండ్లంటే 120 నెలలు, నెలకు 60 అల్లాయ్స్ వస్తున్నా 7,200 అయితయ్, అది చిన్న కార్వెట్ల మీద పెడుతవా పెద్ద క్రూయిజర్ల మీద పెడుతవా అనేది అవతలోడు పోయినసారి ఏ గన్నులు తెచ్చిండో చూసి తేల్చుకో.