ఆలివ్, అవిసె, ఎంసీటీ: రెండున్నరేళ్లు వాడాక

ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె, అవిసె నూనె, ఎంసీటీ నూనె (మీడియం చైన్ ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు, ఎక్కువగా కొబ్బరి నూనె నుంచి వేరుచేస్తారు). ఈ మూడూ ఒకే నెలలో కొన్నాను, బరువు తగ్గాలన్న ఆశతోనే. అప్పుడు 84 కిలోలు ఉన్నాను, రెండున్నరేళ్ల తర్వాత ఇప్పుడు 76. ఈ ఎనిమిది కిలోలూ నూనెల వల్లే తగ్గాయా అంటే, కాదు. పైగా మొదటి నాలుగు నెలల్లో కిలోన్నర పెరిగాను. ఎందుకు పెరిగానో తెలిశాకే తగ్గడం మొదలైంది కాబట్టి ముందు అదే చెప్తాను.

‘మంచి కొవ్వు’ అన్న మాట నమ్మి, అప్పటికే తింటున్న నూనె తగ్గించకుండా దాని మీద ఇవి కూడా మొదలుపెట్టాను. పొద్దున కాఫీలో ఎంసీటీ, మధ్యాహ్నం సలాడ్ మీద ఆలివ్, రాత్రి ఒక పెద్ద చెంచాడు అవిసె నూనె. వంటలో పడేది ఎలాగూ ఉంది. నడుం దగ్గర బట్టలు బిగుతవుతుంటే అనుమానం వచ్చి, ఒకరోజు వంటింట్లో తూకం మెషీన్ మీద ఆలివ్ సీసా పెట్టి సున్నా చేశాను. రోజూ పోసుకునేంతే సలాడ్ మీద పోసి, సీసా మళ్లీ మెషీన్ మీద పెట్టాను. మైనస్ 31 చూపించింది. నేను ఒక టేబుల్ స్పూన్ అనుకుంటున్నది నిజానికి రెండు దాటింది.

టేబుల్ స్పూన్ నూనె అంటే సుమారు 14 గ్రాములు, 120 కేలరీలు. పిండిపదార్థంలో, ప్రోటీన్‌లో గ్రాముకు 4 కేలరీలుంటే కొవ్వులో 9. ఆలివ్ అయినా, పొద్దుతిరుగుడు అయినా, గానుగలో ఆడించినదైనా ఈ లెక్క ఒకటే. ఎంసీటీలో ఇది కాస్త తక్కువ, అంతే. మూడూ కలిపి నాకు రోజుకు 500 కేలరీలు దాటాయి. కడుపు నిండినట్టుండి మిగతా తిండి కొంత తగ్గింది కాబట్టి కిలోన్నరతో పోయింది.

ఆ రోజు నుంచి నూనె సీసా వంచి పోయడం మానేశాను. వంటతో సహా రోజు మొత్తానికి ఆరు టీస్పూన్లు, చెంచాతో కొలిచి. వేపుళ్లు బాగా తగ్గించాను, రోజూ 40 నిమిషాలు నడిచాను. బరువు తగ్గింది వీటివల్ల. మరి నూనె మార్చడం ఎందుకంటే, ఉన్న ఆరు టీస్పూన్లలో ఏది వేసుకుంటున్నామన్నది గుండెకు ముఖ్యం. నూనె పూర్తిగా మానేయమని మాత్రం ఎవరికీ చెప్పను. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి. క్యారెట్, టమాటాల్లోని రంగు పదార్థాలు కూడా కాస్త నూనె తోడుంటేనే బాగా అందుతాయి.

ముగ్గురిలో నాతో నిలిచింది ఆలివ్ నూనె. మంచి సీసా మొదటిసారి తెరిచి అర చెంచా ఉత్తగా నోట్లో వేసుకుంటే, ముందు పచ్చి ఆకు నమిలినట్టుంది, మింగాక గొంతు వెనక చురుక్కుమని దగ్గు వచ్చింది. పాడైందేమోనని కంగారు పడ్డాను. కానీ అది మంచి లక్షణమే. ఓలియోకాంథాల్ అనే పదార్థం వల్ల ఆ ఘాటు వస్తుంది. అది ఐబూప్రోఫెన్ అనే నొప్పి మాత్రలాగే వాపును తగ్గించే గుణం చూపిస్తుందని 2005లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. నూనెలో ఉండేది చాలా కొద్దిగానే, మందులా అనుకోవద్దు. స్పెయిన్‌లో జరిగిన ప్రెడిమెడ్ అధ్యయనంలో ఆలివ్ నూనె ఎక్కువగా వాడినవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటి సమస్యలు తగ్గాయి. 2013లో వచ్చిన ఆ ఫలితాల్లో మనుషుల్ని గుంపులుగా విడదీసిన తీరులో లోపాలు బయటపడితే, 2018లో మళ్లీ లెక్కగట్టి ప్రచురించారు, ముగింపు మారలేదు. అది బరువు తగ్గించే ప్రయోగం మాత్రం కాదు. మామూలు కూరలకు ఈ నూనె వేడి చేసినా ఇబ్బంది లేదు, నేను రోజూ చేస్తాను.

అవిసె నూనె ఎనిమిది నెలలకు ఆపేశాను. ఇందులో సగానికి పైగా ఒమేగా-3 ఉంటుంది, నిజమే. కానీ చేపల్లో దొరికే రకంగా మన శరీరం దాన్ని మార్చుకోగలిగేది కొంచెమే. పైగా గాలి తగిలితే త్వరగా చెడిపోతుంది. సీసా మూతి దగ్గర కారిన చుక్క నాలుగు రోజుల్లో వార్నిష్‌లా గట్టిపడి, గోటితో గీకితే పొరలా లేచింది. చిత్రకారులు రంగుల్లో కలిపే లిన్సీడ్ ఆయిల్ కూడా ఈ గింజల నూనే, ఆరిపోవడం దాని స్వభావం. రెండో సీసా ఫ్రిజ్‌లో పెట్టినా చివరికి పెయింట్ వాసన వచ్చింది, పారేశాను. ఇప్పుడు అవిసె గింజలే కొద్దికొద్దిగా పొడి చేసుకుని వాడుతున్నాను. పీచు కూడా దక్కుతోంది, ఆకలి కాస్త ఆగుతోంది.

ఎంసీటీతో మొదటి రోజే దెబ్బతిన్నాను. పరగడుపున పెద్ద చెంచాడు కాఫీలో వేసుకుని ఆఫీసుకు వెళ్తే, గంటలో కడుపులో మెలిపెట్టి మధ్యాహ్నం దాకా విరేచనాలు. ఈ కొవ్వు మిగతా కొవ్వుల్లా కాకుండా పేగుల నుంచి నేరుగా కాలేయానికి వెళ్తుంది. ఒకేసారి ఎక్కువ వేసుకుంటే పేగులు తట్టుకోవు. మొదలుపెట్టేవాళ్లు టీస్పూన్‌తో, అదీ తిండితో పాటే తీసుకోండి. కాలేయం ఇబ్బందులున్నవాళ్లు, షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా అసలు ముట్టుకోవద్దు. వేరే నూనెకు బదులుగా వాడితే బరువు కాస్త తగ్గినట్టు కొన్ని అధ్యయనాల్లో ఉంది. ఏడాది వాడితే నాకు తేడా ఏమీ కనిపించలేదు.

ఎంసీటీ బదులు కొబ్బరి నూనె అదే పని చేస్తుందని ఎవరో చెబితే మూడు నెలలు అదీ చూశాను. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం అనే రకం కొవ్వు, ఎంసీటీ సీసాల్లో ఎక్కువగా ఉండే రకాలు వేరు. మొత్తం మీద 80 శాతానికి పైగా సంతృప్త కొవ్వే. నా ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 118 నుంచి 139కి వెళ్లింది, ఆపాక 121కి దిగింది. రోజువారీ కేలరీల్లో సంతృప్త కొవ్వు వాటా 10 శాతం దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఊరికే కాదని రిపోర్టు చేతిలో పట్టుకున్నప్పుడు అర్థమైంది.

ఆలివ్ కొనేవాళ్లకు ఒక్క మాట. పెద్ద డబ్బా లాభం అనిపిస్తుంది, కానీ వద్దు. నేను ఒకసారి పెద్దది కొని, పారదర్శకంగా ఉన్న సీసాలోకి ఒంపుకుని పొయ్యి పక్కనే పెట్టుకుంటే రెండు నెలల్లో ఘాటంతా పోయి చప్పబడింది. ఇప్పుడు ముదురు రంగు గాజుతో ఉన్న చిన్న సీసానే కొంటాను, తెరిచిన తేదీ మార్కర్‌తో రాసి అల్మరాలో పెడతాను. ఇప్పటి సీసా తెరిచి అయిదు వారాలైంది. నిన్న టమాటా ముక్కల మీద ఒక టీస్పూన్ వేసుకుంటే గొంతులో ఆ చురుకు ఇంకా తగిలింది.