భువనేశ్వర్ నుంచి చవక విమాన టికెట్ కొనే బరంపురం వాళ్ళకి జాగ్రత్త

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు నుంచి భువనేశ్వర్ వెళ్ళి విమానం ఎక్కే మన తెలుగువాళ్ళ కోసం రాస్తున్నాను. యాప్‌లో అన్నిటికన్నా పైన కనబడే చవక టికెట్ కొనేముందు రెండు సంగతులు చూసుకోండి. చెక్-ఇన్ లగేజీ ఎన్ని కేజీలు ఇస్తున్నారన్నది ఒకటి. ఆ విమానం టైము మార్చేస్తే మన ఊరి నుంచి అందుకోగలమా అన్నది రెండోది. మొదటిది డబ్బుతో పోతుంది. రెండోది రాత్రి నిద్ర, కారు బాడుగ, బీపీ అన్నీ కలిపి లాగేస్తుంది.

మా అన్నయ్య సూరత్‌లో చీరల మిల్లులో పని చేస్తాడు. గంజాం జిల్లాలో సూరత్‌కి మనిషిని పంపని వీధి ఉందా అసలు! సెలవులకి వచ్చిన వదిన, ఇద్దరు పిల్లలు తిరిగి వెళ్తూ అమ్మని కూడా తీసుకెళ్ళారు. అన్నయ్య అక్కడి నుంచే యాప్‌లో టికెట్లు తీశాడు. కంపెనీ పేరు రాయను. ఈ పద్ధతులు ఆ ఒక్క కంపెనీవే కావు కాబట్టి పేరు తెలిసినా మీకు పెద్దగా ఉపయోగం లేదు.

కౌంటర్ దగ్గర పెట్టె బెల్టు మీద పెట్టగానే అక్కడి అమ్మాయి, "మీ టికెట్లకి చెక్-ఇన్ బ్యాగ్ లేదండీ" అంది. అదేమిటి, మనిషికి పదిహేను కేజీలు ఉంటాయి కదా అని వదిన అడిగింది. మామూలు ఫేర్‌లో ఉంటాయి, నిజమే. కానీ చేతిసంచి మాత్రమే తీసుకెళ్ళేవాళ్ళకి తక్కువ ధరకి టికెట్ అమ్ముకోవచ్చని 2021 ఫిబ్రవరిలో విమాన కంపెనీలకి రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ డీజీసీఏ అనుమతి ఇచ్చింది. అయితే తర్వాత కౌంటర్‌కి బ్యాగ్ తెస్తే ఎంత పడుతుందో బుకింగ్ సమయంలోనే బాగా కనబడేలా చూపించాలని, టికెట్ మీద కూడా వేయాలని అందులోనే షరతు పెట్టింది. మా యాప్ చూపించలేదా అంటే చూపించింది. ధర పక్కన చిన్న గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కితే ఒక పట్టిక తెరుచుకుంటుంది, ఆ పట్టికలో ఎక్కడో 'చెక్-ఇన్: 0 కేజీ' అని ఉంటుంది. దీన్ని బాగా కనబడేలా చూపించడం అనుకోమంటే నేను అనుకోను.

పెట్టెలో బంగారమేమీ లేదు. బరంపురం అప్పడాలు, వడియాలు, వదిన పట్టుచీర, రెండు సీసాల ఆవకాయ. అప్పడాలు, చీర నలుగురి చేతిసంచుల్లోకి సర్దేయొచ్చు, మనిషికి 7 కేజీలు ఇస్తారు. నూనె తేలే ఆవకాయని మాత్రం సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు. అమ్మ దాన్ని అక్కడ వదిలేసి వెళ్ళే మనిషి కాదు. చివరికి ఆ ఒక్క పెట్టెకి కట్టింది ఒక టికెట్ ధరలో సగానికి దగ్గరగా వచ్చింది. అదే పెట్టెని ముందురోజు ఆన్‌లైన్‌లో కలుపుకుని ఉంటే చాలా తక్కువయ్యేది. లగేజీ ఉందని తెలిస్తే దయచేసి కౌంటర్ దాకా ఆగకండి.

విమానం నడిపే ఖర్చులో ఇంధనానిది 30 నుంచి 40 శాతం దాకా ఉంటుంది. ఆ ఇంధనం ఇంకా జీఎస్టీ కిందికి రాలేదు, రాష్ట్రాల పన్ను విడిగా పడుతుంది. బరువు తగ్గితే ఇంధనం మిగులుతుంది, అందుకే లగేజీ మీద పడ్డారు. ఎయిర్ ఇండియా కూడా 2024 మేలో తన అతి చవక ఫేర్లలో ఉచిత లగేజీని 20 కేజీల నుంచి 15కి దించింది. ఇదంతా నాకు అర్థమవుతుంది. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ దక్కన్ పెట్టినప్పుడు తిండీ తిప్పలూ తీసేసి టికెట్ ధర దించారు కాబట్టే మనలాంటి ఇళ్ళవాళ్ళు విమానం ఎక్కగలిగారు. సీట్లు పల్చబడ్డాయి, మోకాళ్ళు ముందు సీటుకి తగులుతాయి, టిఫిన్ కొనుక్కోవాలి. ఏం ఫరవాలేదు, రెండు మూడు గంటలే కదా. కోపం ఎక్కడ వస్తుందంటే, తగ్గించింది ఏమిటో ముందు చెప్పకుండా చివర్లో వసూలు చేసే దగ్గర. భోజనానికి పిలిచి, పంక్తిలో కూర్చున్నాక విస్తరాకుకి డబ్బులడిగినట్టు ఉంటుంది.

సీట్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. వెబ్ చెక్-ఇన్‌లో చూస్తే దాదాపు అన్ని సీట్లకీ రేటు ఉంది. డబ్బు కట్టకపోతే వాళ్ళిచ్చిందే సీటు. పిల్లలిద్దరినీ వేరే వేరే వరుసల్లో పడేశారు. 12 ఏళ్ళలోపు పిల్లలకి అదే పీఎన్నార్‌లో ఉన్న తల్లిదండ్రుల్లోనో పెద్దవాళ్ళలోనో ఒకరి పక్కన సీటు ఇవ్వాలని 2024 ఏప్రిల్‌లో డీజీసీఏ ఆదేశించింది. వదిన ఆ మాట కౌంటర్లో అడిగితే మార్చి ఇచ్చారు. అడగకపోతే ఇచ్చేవాళ్ళు కాదేమో. పిల్లల టికెట్లు, పెద్దవాళ్ళ టికెట్లు ఒకే పీఎన్నార్‌లో తీయండి. కూపన్ కలిసొస్తుందని విడివిడిగా తీస్తే ఈ రూలు అక్కరకు రాదు. ఇంకో మాట, కౌంటర్లో బోర్డింగ్ పాస్ ఇవ్వడానికి విడిగా డబ్బు తీసుకోకూడదని 2022 జూలైలో పౌర విమానయాన శాఖ చెప్పింది. ఆ పేరుతో ఎవరైనా అడిగితే కట్టకండి.

ఇక మనవాళ్ళని నిజంగా దెబ్బ తీసేది టైము మార్పు. మావాళ్ళు కొన్నది మధ్యాహ్నం విమానం. అలా కొన్నది కావాలనే. పొద్దున్నే బరంపురంలో రైలెక్కితే భువనేశ్వర్‌లో దిగి తాపీగా ఎయిర్‌పోర్టుకి చేరొచ్చు. ప్రయాణం కొద్దిరోజుల్లో ఉందనగా మెసేజ్ వచ్చింది, 'ఆపరేషనల్ కారణాల' వల్ల విమానం తెల్లవారుజామున బయల్దేరుతుందని. అసలు కారణం వాళ్ళు చెప్పరు. సగం నిండని రెండు విమానాల్ని ఒకటి చేసేశారని నా అనుమానం. భువనేశ్వర్‌లో ఇల్లున్నవాడికి అది అలారం ముందుకి జరుపుకోవడమే. మనకి దాదాపు 170 కిలోమీటర్లు. ఆ వేళకి అందే రైలు కుదరలేదు. ముందురోజే వెళ్ళి లాడ్జిలో దిగాలి, లేదా అర్ధరాత్రి కారు మాట్లాడుకుని పిల్లల్ని వేసుకుని పదహారో నంబరు హైవే మీద పోవాలి. మావాళ్ళు కారులో వెళ్ళారు. బాడుగ, పెట్టె డబ్బు కలిపి చూస్తే, అన్నయ్య 'ఖరీదు' అని వదిలేసిన ఇంకో కంపెనీ మామూలు ఫేరే చవక.

కారు డబ్బులడిగితే కంపెనీ ఇచ్చిన జవాబు ఏమిటంటే, విమానం రద్దు కాలేదు, రీషెడ్యూల్ అయింది, షరతుల ప్రకారం అలా మార్చుకునే హక్కు మాకుంది అని. తెలివంతా ఆ మాటలోనే ఉంది. ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే డీజీసీఏ రూల్స్ ప్రకారం పరిహారం ఇవ్వాలి. ప్రయాణ సమయాన్ని బట్టి 5,000 నుంచి 10,000 రూపాయల దాకా, లేదా బేసిక్ ఫేర్, ఇంధన చార్జీ కలిపినంత, ఏది తక్కువైతే అది. వాతావరణం లాంటి కారణాలకి అది వర్తించదు. రోజుల ముందే టైము మార్చి మెసేజ్ పెడితే ఆ పరిహారం బాధ వాళ్ళకి లేదు. అందుకే అలాంటి మెసేజ్ వస్తే కంగారులో 'అంగీకరిస్తున్నాను' నొక్కేయకండి. ముందు అదేరోజు ఇంకో విమానం ఉచితంగా ఇస్తారా, పూర్తి డబ్బు వాపసు ఇస్తారా అన్నది రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకున్నాక వాదించడం కష్టం.

ఖర్చు తగ్గించడమంటే మనుషుల్ని బొటాబొటిగా పెట్టుకోవడం కూడా. పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచుతూ రూల్స్ వచ్చాయి, 2025 నవంబర్‌లో రెండో దశ అమలైంది. వెంటనే డిసెంబర్ మొదట్లో ఇండిగోకి పైలట్లు చాలక వేల విమానాలు రద్దయ్యాయి. మిగతా టికెట్ల ధరలు మండిపోతే ప్రభుత్వమే 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు, 1,500 దాటితే 18,000 అని పరిమితి పెట్టాల్సి వచ్చింది. విశ్రాంతి అడిగిన పైలట్లది తప్పని నేననను. ఆ రూల్స్ వస్తున్నాయని కంపెనీలకి చాలా ముందే తెలుసు.

కంపెనీకి ఫోన్ చేయాలంటే నంబర్ గూగుల్‌లో వెతకకండి. కస్టమర్ కేర్ పేరుతో దొంగ నంబర్లు ఉంటాయి, రిఫండ్ ఇస్తామని ఏదో యాప్ వేయించి ఖాతా ఊడ్చేస్తారు. టికెట్ మీద ఉన్న నంబరుకే చేయండి. టికెట్ మీరే రద్దు చేసుకున్నా, అది నాన్-రిఫండబుల్ అయినా, పన్నులు, ఎయిర్‌పోర్టు చార్జీలు వెనక్కి ఇవ్వాల్సిందే. చాలామంది అడగరు కాబట్టి కంపెనీకే మిగిలిపోతాయి. కంపెనీ వినకపోతే విమాన ప్రయాణికుల కోసం ప్రభుత్వం పెట్టిన ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవాలో ఫిర్యాదు పెట్టండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. కంపెనీ ఆఫీసు ఉన్న గురుగ్రామ్‌కో ముంబయికో పోనక్కర్లేదు.

సూరత్ వెళ్ళేవాళ్ళకి 2025 సెప్టెంబర్ నుంచి బరంపురం–ఉధ్నా అమృత్ భారత్ రైలు ఉంది, ఉధ్నా సూరత్‌లోని స్టేషనే. ఏసీ లేదు, ప్రయాణం పొడుగు, పెద్దవాళ్ళతో కష్టమే. కానీ ఆవకాయకి ఎవరూ డబ్బులడగరు.

మా ఫిర్యాదు ఎయిర్‌సేవాలో పెట్టాం. ఫేర్ పట్టిక, టైము మార్పు మెసేజ్, కౌంటర్ రసీదు, మూడూ జతచేశాం. జవాబు వచ్చాక ఇక్కడే రాస్తాను. ఇలాంటిదే మీకూ జరిగి డబ్బు వెనక్కి వచ్చి ఉంటే, ఏ కాగితాలు చూపించారో కింద చెప్పండి.