మోటార్‌హోమ్ నడపడం నేర్పే మూడు గంటల క్లాసు: మా అనుభవం

పోయినేడాది మా అత్తయ్య, మామయ్య ఖమ్మం నుంచి వచ్చినప్పుడు లాస్ వేగస్‌లో 30 అడుగుల మోటార్‌హోమ్ (పడకలు, వంటిల్లు, బాత్రూమ్ అన్నీ లోపలే ఉండే బండి) అద్దెకు తీసుకుని గ్రాండ్ కాన్యన్ బయలుదేరాం. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, మామయ్యకు షుగర్, గంటకోసారి బాత్రూమ్ కావాలి, బయటి తిండి ఇద్దరికీ పడదు, అలాంటి పెద్దవాళ్లకి ఇంతకంటే సుఖమైన ప్రయాణం లేదు. మా ఆయనకి పెద్ద బండ్లంటే భయం కాబట్టి స్టీరింగ్ నాదే. మామూలు కారు లైసెన్సు సరిపోతుంది, వేరే పరీక్ష ఏదీ లేదు. అద్దె కంపెనీ వాళ్లు ఒక వీడియో చూపించి, మురుగు ట్యాంకు ఎలా ఖాళీ చేయాలో, ప్రొపేన్ (వంట గ్యాస్) ఎక్కడ ఆపాలో చెప్పి పావుగంటలో తాళం చేతిలో పెట్టారు. బండి ఎలా తిప్పాలో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. మొదటి గ్యాస్ స్టేషన్‌లోనే, పంపు దగ్గర్నుంచి కదులుతూ ఎడమకి తిప్పగానే వెనక కుడి మూల వెళ్లి పసుపు రంగు ఇనుప స్తంభానికి రాసుకుంది. డిపాజిట్‌లో 1,000 డాలర్లు పోయాయి. డబ్బు పోతే పోయింది, ఆ మూడు రోజులూ బండిలో ఒక్కరూ మనసారా మాట్లాడుకోలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

అందుకే ఈసారి మళ్లీ వాళ్లతో వెళ్లేటప్పుడు బండి తీసుకున్న రోజే ఈ క్లాసు పెట్టుకున్నాం. మూడు గంటలకి 280 డాలర్లు. మన బండి దగ్గరికే వచ్చి నేర్పుతారు. వచ్చినావిడకి అరవై దాటి ఉంటాయి, చాలా ఏళ్లు ట్రక్కులు నడిపారట. స్టీరింగ్ దగ్గరికి నన్ను వెంటనే రానివ్వలేదు. లాస్ వేగస్ పక్కూరు హెండర్సన్ వైపు ఒక ఖాళీ పార్కింగ్ లాట్‌లో బండి ఆపించి, వెనక మూలకి ఆనీ ఆనకుండా ఒక ప్లాస్టిక్ కోన్ పెట్టి, నన్ను కింద నిలబెట్టి, తనే ఎక్కి స్టీరింగ్ మొత్తం ఎడమకి తిప్పి మెల్లగా కదిలించారు. ముందు భాగం ఎడమకి పోతుంటే వెనక మూల కుడికి వచ్చి ఆ కోన్‌ని పడేసి, ఇంకా దాటి వచ్చింది. టేపు పెట్టి కొలిస్తే దాదాపు మూడడుగులు! వెనక చక్రాల తర్వాత పదడుగుల పైన బండి వేలాడుతోంది, చక్రాలే ఇరుసు, ముందు ఎటు తిరిగితే తోక దానికి ఎదురు తిరుగుతుంది. పోయినేడాది ఆ స్తంభానికి ఎందుకు తగిలిందో నాకు ఆ నిమిషంలో అర్థమైంది. పంపు నుంచి బయటికొచ్చేటప్పుడు ముందు తిన్నగా పోయి, తోక స్తంభం దాటాకే తిప్పాలి, అంతే.

మలుపులకి కూడా ఒకటే లెక్క చెప్పారు: కారులో తిప్పే చోట తిప్పొద్దు, ఇంకా ముందుకి పోయి, మన భుజం మలుపు అంచు దాటాక తిప్పు, లేకపోతే వెనక చక్రం ఫుట్‌పాత్ ఎక్కుతుంది. అద్దాల కోసం ఇరవై నిమిషాలు పెట్టారు, అది వృథా కాదు. హైవే లేన్ వెడల్పు 12 అడుగులు, బండి ఎనిమిది అడుగుల పైనే, అటూ ఇటూ మిగిలేది రెండడుగులకి కాస్త తక్కువే. కింది అద్దంలో వెనక టైరు, దాని పక్కన లేన్ గీత రెండూ కనబడేలా పెట్టుకుంటే ఎక్కడున్నామో తెలుస్తుంది. తర్వాత తక్కువ ఎత్తు వంతెనల దగ్గర చూసుకోవడానికి, టేపుతో పైకప్పు మీది ఏసీ పైదాకా ఎత్తు కొలిపించి, ఆ అంకె కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డుకి అంటించారు. మా అద్దె కాగితాల్లో పైకప్పుకి దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ వర్తించదని ఉంది, కాబట్టి ఆ కాగితం విలువ నాకు బాగా తెలుసు.

రివర్స్ దగ్గర మాకు మామయ్య కలిసొచ్చారు. వెనక నిలబడి సైగ చేసే మనిషి ఒక్కరే ఉండాలి, ఆ మనిషి అద్దంలో కనబడకపోతే బండి వెంటనే ఆపాలి అని ఆవిడ చెప్పగానే, మామయ్య ముందుకొచ్చి "నేను నిలబడతానమ్మా" అన్నారు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇంజిన్ మోతలో మాట వినబడదని ఫోన్ స్పీకర్లో పెట్టుకున్నాం. "రానీ... రానీ... కొంచెం కుడి... హోల్డాన్!" గ్రాండ్ కాన్యన్ దారిలోని విలియమ్స్ అనే ఊళ్లో మొదటి రాత్రి చీకటి పడుతుండగా చెట్ల మధ్య, బండి నిలిపే సైటులోకి ఆ మాట మీదే వెనక్కి పెట్టాను, ఒక్కసారికే. అత్తయ్య మెట్టు దిగి మామయ్య వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను.

క్లాసులో చివరి గంట రోడ్డు మీద. పెద్ద ట్రక్కు మనల్ని దాటేటప్పుడు గాలి ముందు బయటికి నెట్టి, తర్వాత దానివైపు లాగుతుంది, స్టీరింగ్ గట్టిగా తిప్పకుండా రెండు చేతులతో పట్టుకుని ఉండాలి. మర్నాడు హూవర్ డ్యామ్ పక్కన 2010లో తెరిచిన ఆ ఎత్తైన బ్రిడ్జి మీద పక్కగాలి కొట్టినప్పుడు ఇదే కాపాడింది. గేరు లివర్ చివరన ఉన్న టో/హాల్ బటన్ పోయినేడాది నేను చూడనే లేదు. తిరుగు ప్రయాణంలో విలియమ్స్ నుంచి యాష్ ఫోర్క్ దాకా 18 మైళ్లలో 1,600 అడుగులు కిందికి దిగాలి, ఆ బటన్ నొక్కితే గేరే బండిని పట్టి ఉంచింది, బ్రేకు మీద కాలు పెట్టింది తక్కువే.

లోటు కూడా చెప్పాలి. రాత్రి డ్రైవింగ్ అసలు లేదు, రివర్స్‌కి అరగంటే ఇచ్చారు, నాకైతే ఇంకో గంట కావాలి. ఆవిడ ఇంగ్లిష్ వేగంగా ఉంటుంది, మొహమాటపడకుండా మళ్లీ చెప్పమనండి, విసుక్కోరు. 280 ఎక్కువే, కానీ పోయినేడాది నేను కట్టిన 1,000తో పోలిస్తే నాకు తక్కువగానే అనిపించింది. 5కి 4 ఇస్తున్నా.

శని, ఆదివారాల స్లాట్లు త్వరగా అయిపోతాయి, నెల ముందే అడగండి. గ్రాండ్ కాన్యన్ లోపల ఉండాలంటే ట్రైలర్ విలేజ్ అనే క్యాంపులో బుక్ చేయండి, నీళ్లు, కరెంటు, మురుగు కనెక్షన్ అన్నీ ఉంటాయి, ముందు నుంచి దూరి ముందుకే వచ్చేసే సైట్లు కాబట్టి రివర్స్ అవసరం ఉండదు. పక్కనే ఉన్న మ్యాథర్ క్యాంపులో 30 అడుగుల దాకే రానిస్తారు, కనెక్షన్లు లేవు.