రైఫిల్, పిస్టల్ షూటింగ్ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులకు: 21 రోజుల "మైండ్‌సెట్" కోర్సుకు డబ్బు కట్టేముందు ఇది చదవండి

ముందు విషయం చెప్పేస్తాను, కథ తర్వాత. పోటీ షూటింగ్ చేసే పిల్లలకు మానసిక శిక్షణ పేరుతో ఆన్‌లైన్‌లో 21 రోజుల కోర్సు ఒకటి అమ్ముతున్నారు. నేను 14,999 రూపాయలు కట్టాను. డబ్బు పోయింది, అది ఎలాగో సర్దుకుంటాం. కానీ మా అమ్మాయి స్కోరు అంతకుముందు కన్నా కిందకి పోయింది. ఇంకాస్త అమాయకంగా ఉండి ఉంటే డోపింగ్ కేసులో కూడా ఇరుక్కునేది. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఫిర్యాదు నడుస్తోంది. పైగా వాళ్లు ఇప్పటికే ఒకసారి పేరు మార్చారు కాబట్టి రాసినా లాభం లేదు. ఆనవాళ్లు చెబుతాను, మీరే గుర్తుపడతారు.

మా అమ్మాయిది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్. ఇంటర్ సెకండియర్. 60 షాట్లు, 75 నిమిషాలు, మొత్తం 600 పాయింట్లు. ప్రాక్టీస్‌లో 565 దాకా కొడుతుంది. పోయినసారి పోటీలో మొదటి నాలుగు సిరీస్‌లు (సిరీస్ అంటే పది షాట్లు) 94, 95, 93, 94. బాగానే ఉంది అనుకుంటుండగా 88, ఆ తర్వాత 84. మొత్తం 548. చివరి ఇరవై షాట్లలోనే 28 పాయింట్లు పోయాయి. ఆ రాత్రి ఇంట్లో ఎవరం సరిగ్గా అన్నం తినలేదు. నేను ఫోన్ పట్టుకుని "మ్యాచ్ టెన్షన్ పోవాలంటే" అని ఏదేదో వెతికాను. తెల్లారేసరికి యాడ్ రెడీ: "మీ పిల్లలు ఇంట్లో పులి, మ్యాచ్‌లో పిల్లి అవుతున్నారా?"

యాడ్‌లో ఒలింపిక్ పతకాలు గెలిచిన మన షూటర్లు అభినవ్ బింద్రా ఫోటో, పక్కనే గగన్ నారంగ్ ఫోటో, కింద "విజేతలు వాడే రహస్యం" అని. వాళ్లిద్దరికీ ఈ కోర్సుతో సంబంధం ఉందని ఎక్కడా రాయలేదు, లేదని కూడా రాయలేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ కుర్రాడు నారంగ్ కాంస్యం గెలిచిన రోజు నాకు ఇంకా గుర్తుంది. ఆ ముఖం చూడగానే సగం నమ్మేశాను. మిగతా సగం ఆదివారం సాయంత్రం ఉచిత వెబినార్‌లో నమ్మించారు. రాత్రి 12 దాటితే ధర 24,999 అన్నారు. ఆ తర్వాతి ఆదివారం కూడా అదే మాట అన్నారని తర్వాత తెలిసింది.

డబ్బు కట్టాక వచ్చింది ఏమిటంటే ఒక యాప్, అందులో ఆడియోలు. చెవిలో ఇయర్‌బడ్ పెట్టుకుని ప్రతి షాట్‌కు ముందు ఒక క్లిప్ వినాలి. "ఊపిరి తీసుకో... నువ్వే ఛాంపియన్... నల్లటి చుక్క మధ్యలో టెన్ కనిపిస్తోంది... అది నీదే." టెన్ అంటే టార్గెట్ నట్టనడుమ ఉండే పది పాయింట్ల చోటు. గొంతు బాగుంది, వెనక వేణువు కూడా ఉంది. మా అమ్మాయికి మొదటి వారం బాగా నచ్చింది. ప్రాక్టీస్‌లో కుదురుగా ఉంటోంది కదా అని నేనూ మురిసిపోయాను.

కోచ్ సార్ మాత్రం నాలుగు రోజులు చూసి ఒక మాట అన్నారు. "దీని చూపు టార్గెట్ మీదికి పోతోంది సార్." నాకు అర్థం కాలేదు. ఆయన పిస్టల్ నా చేతికిచ్చి చూపించారు. గురి పెట్టేటప్పుడు కన్ను చూడాల్సింది టార్గెట్‌ను కాదు, గొట్టం చివరనున్న ఫ్రంట్ సైట్‌ను, అంటే గురి చూసుకోవడానికి ఉండే చిన్న ముక్కను. అది చాకు అంచులా స్పష్టంగా కనబడాలి, వెనక టార్గెట్ మసకగా ఉన్నా పర్లేదు. ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య దూరం సుమారు 35 సెంటీమీటర్లు. ఆ రెండింటి వరుసలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే 10 మీటర్ల దూరంలో అది దాదాపు 29 మిల్లీమీటర్లు అవుతుంది. అంటే టెన్ కావాల్సింది ఏడు అవుతుంది. మరి ప్రతి షాట్‌కూ చెవిలో "చుక్క మధ్యలో టెన్ చూడు" అని చెబుతుంటే కన్ను ఎటు పోతుంది? తుపాకీ పట్టినవాళ్లెవరూ ఆ స్క్రిప్ట్ రాయలేదని ఆయనకు ఆ ఒక్క వాక్యంతోనే తెలిసిపోయింది. నాకు తెలియడానికి ఇంకో నెల పట్టింది.

ఆ నెల తర్వాత ఒక ఓపెన్ పోటీకి వెళ్లాం. మ్యాచ్‌కు ముందు సైటింగ్‌కు, అంటే లెక్కలోకి రాని షాట్లతో గురి సరిచూసుకోవడానికి, 15 నిమిషాలు ఇస్తారు. అమ్మాయి లేన్‌లో (కాల్చేవాళ్లు నిలబడే చోట) నిలబడి, బ్యాగు తీసి, ఇయర్‌బడ్ చెవిలో పెట్టుకుంది. రేంజ్ ఆఫీసర్ వెంటనే వచ్చి తీసేయమన్నారు. తప్పు ఆయనది కాదు. నిబంధనల ప్రకారం చెవులకు శబ్దం తగ్గించే రక్షణ మాత్రమే వాడాలి. పాటలు, ఆడియో, మాట్లాడే పరికరం ఏదీ పోటీలో కుదరదు. షూటింగ్ పిల్లలకే ప్రత్యేకమని చెప్పి అమ్మిన కోర్సు, షూటింగ్ పోటీలో వాడటానికే వీల్లేని వస్తువు మీద నిలబడింది!

అద్దం వెనక నుంచి చూస్తున్నాను. చెయ్యి ఎత్తుతుంది, ఆగుతుంది, దించుతుంది. మళ్లీ ఎత్తుతుంది. ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు తల కొంచెం పక్కకి వంచుతోంది. 91, 88, 90, 92, 89, 91. మొత్తం 541. ఈసారి చివర్లో కుప్పకూలడం కూడా కాదు, మొదటి నుంచీ అంతే. బయటికొచ్చాక, "నాన్నా, చెవిలో ఆ గొంతు లేకపోతే ఎప్పుడు ఎత్తాలో తెలియట్లేదు" అంది. 548కి ఏడవని పిల్ల ఆ రోజు కారులో ఏడ్చింది.

ఇంతకన్నా పెద్ద విషయం చెప్పాలి. ఈ ముక్క ఒక్కటైనా తప్పకుండా చదవండి. కోర్సు వాట్సాప్ గ్రూపులో నేను మా ఫలితం పెడితే, "మెంటార్" అని పిలిపించుకునే ఆయన విడిగా మెసేజ్ చేశాడు. గుండె దడ తగ్గడానికి ఒక మాత్ర ఉంది, స్టేజీ భయానికి చాలామంది వాడతారు, మ్యాచ్‌కు గంట ముందు సగం చాలు అని. మాత్ర పేరు కూడా పంపాడు. పాలపొడి పేరు చెప్పినంత తేలిగ్గా! అది ప్రొప్రనలాల్, బీటా బ్లాకర్ జాతి మందు. గుండె వేగాన్నీ చేతి వణుకునూ తగ్గిస్తుంది కాబట్టే షూటింగ్‌లో దాన్ని నిషేధించారు. పోటీ రోజునే కాదు, మామూలు రోజుల్లో కూడా. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్ సు ఒక రజతం, ఒక కాంస్యం గెలిచి, ఈ మందే దొరకడంతో రెండూ పోగొట్టుకున్నాడు. పైగా ఆస్తమా ఉన్నవాళ్లకు ఇది ప్రమాదం కూడా. మా అమ్మాయికి చిన్నప్పుడు ఆయాసం ఉండేది. ఆ సంగతి ఆ మెంటార్ అడగనే లేదు.

నేను ఆ మెసేజ్ కోచ్‌కు చూపించాను. ఆయన మామూలుగా గొంతు పెంచరు. ఆ రోజు పెంచారు.

వాపసు సంగతి క్లుప్తంగా. "నచ్చకపోతే పూర్తి డబ్బు వెనక్కి" అన్నారు. షరతులు చూస్తే 21 రోజులూ పూర్తి చేసి ఉండాలట, అడగడం మాత్రం కట్టిన 7 రోజుల్లోపే అడగాలట. రెండూ ఎలా కుదురుతాయో వాళ్లకే తెలియాలి. డబ్బు వెళ్లింది ఒక వ్యక్తి యూపీఐకి. జీఎస్టీ బిల్లు లేదు, చిరునామా లేదు. అందుకని 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించాను. ఆరు వారాలైంది, ఇంకా పైసా రాలేదు. వస్తే ఇక్కడే రాస్తాను.

ఈ పోస్టు చూసి మానసిక శిక్షణే దండగ అనుకోకండి. బింద్రా బీజింగ్‌లో ఫైనల్‌కు ముందు తన రైఫిల్ సైట్ కదిలిపోయి ఉండటం చూశానని తర్వాత చెప్పుకున్నారు. ఆ స్థితిలోంచి ఆఖరి షాట్ 10.8 కొట్టారు (ఫైనల్‌లో దశాంశాల్లో లెక్కిస్తారు, ఒక షాట్‌కు అత్యధికం 10.9). అది మనసు పని కాకపోతే మరేమిటి? కాకపోతే అది 21 రోజుల్లో వచ్చింది కాదు, ఇయర్‌బడ్‌లోంచి వచ్చింది అసలే కాదు.

ఇప్పుడు మా కోచ్ చేయిస్తున్నది రూపాయి ఖర్చు లేని పని. రోజూ ఇంట్లో గోడకు ఎదురుగా, పెల్లెట్ లేకుండా డ్రై ఫైరింగ్. ఎత్తిన చెయ్యి ఏడెనిమిది సెకన్లలో కుదురుకోకపోతే కాల్చకుండా దించేయాలి. దించిన ప్రతిసారీ నోటుబుక్‌లో ఒక గీత. మొదటి వారం ఒక సెషన్‌లో మూడే గీతలు ఉన్నాయి. అంటే బాగోలేని షాట్లన్నీ కాల్చేస్తోందన్నమాట. ఇప్పుడు పదకొండు, పన్నెండు ఉంటున్నాయి. శనివారాలు పూర్తి 60 షాట్ల మ్యాచ్ పెట్టి, వెనక నుంచి మిగతా పిల్లలతో కావాలని గోల చేయిస్తున్నారు. స్కోరు నన్ను అడగొద్దన్నారు. ఇంటికి రాగానే "ఎంత కొట్టావమ్మా" అనడం నాకు అలవాటు. అది మానుకోవడమే నాకు కష్టంగా ఉంది.

డబ్బిచ్చి నేర్పిద్దాం అనుకునేవాళ్లు మూడు సంగతులు తేల్చుకోండి. వాళ్లు చెప్పే పద్ధతి లేన్‌లో ఒట్టి చేతులతో చేయగలిగేదేనా, చెప్పేవాళ్లు సైకాలజీ ఎక్కడ చదివారు, మీ కోచ్‌తో ఒకసారి మాట్లాడటానికి ఒప్పుకుంటారా. మాకు కోర్సు అమ్మినవాళ్లు ఆ మూడోది అడగ్గానే "కోచ్‌లకు మైండ్ గురించి తెలియదు సార్" అన్నారు. అక్కడే ఆగాల్సింది నేను.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ఈ రాత్రే ఒక పని చేయండి. ఆ గ్రూపులో మెసేజ్‌లు 24 గంటల్లో వాటంతటవే మాయమయ్యేలా సెట్టింగ్ పెట్టారు. నేను గమనించేలోపు సగం పోయాయి. మాత్ర గురించిన మెసేజ్‌కు మాత్రం స్క్రీన్‌షాట్ ఉంది, అది కూడా కోచ్‌కు పంపడానికి తీశాను కాబట్టి. మీ దగ్గర అలాంటివి ఏమున్నా, యూపీఐ రసీదుతో సహా వేరే ఫోన్‌లోకి పంపి పెట్టుకోండి. ఆ తర్వాతే వాపసు అడగండి. అడిగిన పది నిమిషాల్లో నన్ను గ్రూపులోంచి తీసేశారు.