మెడల తాడు దిగిన కుక్క, దాన్ని బతికిచ్చి ఇల్లు చూపిచ్చిన షెల్టర్ – నా రివ్యూ (5 కి 4 స్టార్స్)

ముందుగాల ఒక మాట, ఈ షెల్టర్ పేరు, అడ్రస్ నేను రాస్తలేను, వాళ్ళే వద్దన్నరు. ఇంతకుముందు ఎవరో వీళ్ళ గురించి మంచిగనే వీడియో తీసి పెడితే ఆ నెలంత రాత్రిపూట గేటు కాడ అట్టపెట్టెలల్ల కుక్కపిల్లల్ని పెట్టి పోయిండ్రట, అందుల ఒక పెట్టెల పిల్లలకు పార్వో అనే అంటురోగం ఉండె, అది లోపలున్న వాటికి గూడ అంటుకున్నదట, చెప్తుంటేనే అక్కడ పనిచేసే అమ్మాయికి కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. అందుకే హన్మకొండ దాటినంక అని మాత్రమే చెప్త. నిజంగ దెబ్బ తాకిన జీవం మీ ముందల ఉంటే మీ వాడల వీధికుక్కలకు రోజు అన్నం పెట్టేటోళ్ళు ఎవరో ఒకరు ఉంటరు కదా వాళ్ళను అడగండి, వాళ్ళ ఫోన్లల్ల ఈ నంబర్ ఉంటది.

నేను ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీల అకౌంట్స్ చూస్త. ఏప్రిల్ అంటే మాకు మిర్చి బస్తాలు దించుకునే టైం, ఇంటికి పోయేసరికి రోజు చీకటి పడ్తది. ఆ రోజు మధ్యాహ్నమే పోతున్న, మా సందుల కిరాయోళ్ళు ఖాళీ చేసి పోయిన ఇల్లు ఒకటి ఉన్నది, దాని ముందట్నుంచి పోతుంటే వాసన, ఎలుక సచ్చిందేమో అనుకున్న. గోడ మీదికెల్లి తొంగి చూస్తే బాత్రూం పైపుకు కట్టేసి ఎర్ర రంగు ఆడకుక్క, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు అట్లున్నది. పక్కింటి ముసలవ్వ గోడ మీదికెల్లి ఇంత బువ్వ ఏస్తుందట, అందుకే బతికి ఉన్నది. దగ్గరికి పోయినంక నాకు కాళ్ళు వణికినయి. మెడ చుట్టు తాడు కనపడ్తలేదు. మెడ చుట్టు తెగినట్టు ఒక గీత ఉన్నది, ఆ గీతల్నుంచి నీలం రంగు నైలాన్ తాడు కొస ఒక్కటి బయటికొచ్చి పైపుకు ముడేసి ఉన్నది. అంటే పిల్లప్పుడు కట్టిండ్రు, అది పెరిగింది, తాడు పెరగదు కదా, ఎవ్వరు ఒక్కసారి గూడ వదులు చెయ్యలె, ఇగ తోలు తాడు మీదికెల్లి పెరిగింది. పుండుల పురుగులు కదులుతున్నయి. అది మాత్రం నన్ను చూసి తోక ఊపింది.

అంతకుముందు తెలిసిన క్లినిక్ ఒకటి ఉంటే మా తమ్ముని బతిమిలాడి అక్కడి డాక్టర్‌ను ఇంటికి పిలిపిచ్చిన, పేరెందుకు గానీ, ఆయన దూరంకెల్లి స్ప్రే కొట్టి ఒక సూది ఏసి 1,800 తీసుకున్నడు, తాడు ముట్టలె. మత్తు ఇచ్చే సౌలత్ లేదు రేపు చూద్దాం అన్నడు. ఆ రేపటి దాక అది ఉంటదా అని నాకు భయమైంది. అప్పుడు ఒక దోస్తు ఈ షెల్టర్ నంబర్ ఇచ్చింది.

ఫోన్ నాలుగోసారికి ఎత్తిండ్రు. ఇది మొదటి కంప్లైంట్, దీని గురించి కింద రాస్త. ఎత్తినంక మాత్రం ఆ అమ్మాయి మాట్లాడిన తీరుకు నాకు సగం ధైర్యం వచ్చింది. ముందు వీడియో పెట్టుమన్నది, చూసి వెంటనే ఫోన్ చేసింది. నీళ్ళు తాగుతుందా, నోట్లకెల్లి నురుగు గిట్ల వస్తుందా, మనుషుల మీదికి ఊరికే ఎగబడ్తుందా, ఇవన్ని అడిగినంక, "అక్కా మీరు తాడు గుంజకండి, పురుగులున్నయని టర్పెంటైన్ నూనె పొయ్యకండి, దానికి మంటెక్కి ఆగమైతది. మెడకు జానెడు దూరంల తాడు కోసి ఆటోల ఏసుకొని రండి, మా బండి హసన్‌పర్తి దిక్కు ఒక ఆక్సిడెంట్ కేసుకు పోయింది, అది వచ్చేదాక ఆగొద్దు" అని చెప్పింది. ఫోన్ల ఇంత వివరంగ చెప్పుడు నేను మనుషుల దవాఖానలల్ల గూడ చూడలె.

ఆటో అన్నను గురించి రాయకుంటే నాకు మనసున పట్టది. కుక్కను ఎత్తుదామని నేను మా ఆఫీసుకెల్లి తెచ్చిన గోనెసంచి పరుస్తున్న, ఆయన ఉరికొచ్చి "అమ్మా అది మిర్చి సంచి, పుండుకు తాకితే ఇంకేమన్న ఉన్నదా" అని తన మెడల ఉన్న తువ్వాల తీసి పరిచిండు. నాకు ఆ గాబరాల అది తోచనే లేదు. అంత దూరం వచ్చి, గంట సేపు ఆగి, 300 తీసుకున్నడు.

ఎత్తేటప్పుడు దాని పన్ను నా మణికట్టుకు గీసుకున్నది. రక్తం రాలె, తెల్ల గీత పడ్డది అంతే. షెల్టర్ల డాక్టర్ మేడం కుక్కను టేబుల్ మీద పెట్టి ఒక్క నిమిషం చూసి, నా చెయ్యి చూసి, ముందు నల్ల కాడికి తోలింది. 15 నిమిషాలు సబ్బు పెట్టి కారే నీళ్ళ కింద కడుగు అని టైం పెట్టి మరీ కడిగిపిచ్చింది. గీత చిన్నదని ఇడిసిపెట్టొద్దు, ఈ రోజే ఎంజీఎం సర్కారు దవాఖానకు పోయి రేబిస్ సూది ఏసుకో అన్నది. పోయిన, పైసా తీసుకోలె, రెండు భుజాలకు తోలుల ఏసిండ్రు, ఆ రోజు ఒకటి, తర్వాత 3, 7, 28 రోజులకు. రక్తం వచ్చే గాయమైతే దాని చుట్టు ఇంకో మందు గూడ ఎక్కియ్యాల్నట. కుక్కల్ని ప్రేమించే మనం ఇది మస్తు నిర్లక్ష్యం చేస్తం, నేను గూడ చేసేదాన్నే ఆమె చెప్పకుంటే.

ట్రీట్‌మెంట్ సంగతికొస్తే, మత్తు ఇచ్చి, మెడ చుట్టు బొచ్చు మిషన్‌తోని తీసి, తాడును ఒక్కసారి గుంజకుంట మూడు చోట్ల కోసి ముక్కలు ముక్కలుగ తీసిండ్రు. గుంజితే కింద ఉన్న నరాలు తెగుతయట. ఆ తర్వాత చిమ్టాతోని ఒక్కొక్క పురుగు తీసి స్టీలు గిన్నెల ఏసుకుంట పోయింది మేడం, ఆగకుంట గంట సేపు, మధ్యల సెలైన్ తోని కడుగుడు. కుట్లెందుకు ఏస్తలేరు అని అడిగిన. చీము పట్టిన పుండును పైన మూసేస్తే లోపల మురుగుతది, అడుగుకెల్లి నిండుకుంట పైకి రావాలె, అందుకే రోజు కడుగుడు రోజు కట్టుడు అని చెప్పింది. రక్తం పరీక్షల ప్లేట్‌లెట్లు తక్కువ వచ్చినయి, గోమార్ల జ్వరం, దానికి డాక్సీసైక్లిన్ గోలీలు 28 రోజులు. పది రోజులకే హుషారైంది కదా అని గోలీలు ఆపితే జ్వరం మళ్ళ తిరగబెడ్తదట, బయట చానమంది చేసే తప్పు ఇదేనట. మెడ చుట్టు బెటాడిన్ పసుపు చూసి ఫోన్ ఎత్తిన అమ్మాయే దానికి బంతి అని పేరు పెట్టింది.

పైసల గురించి అందరడుగుతరు కాబట్టి చెప్త. మొదటి రోజు 2,000 కట్టమన్నరు, కట్టిన. మొత్తం ఏడు వారాలకు 9,400 అయింది, మందుల చీటీలు పిన్ను కొట్టి చేతుల పెట్టిండ్రు, నేను 4,000 ఇచ్చిన, మిగిలింది వాళ్ళకు నెల నెల ఇచ్చేటోళ్ళ పైసలల్లకెల్లి పెట్టుకున్నరు. ఒక్కసారి గూడ ఇంకా ఇయ్యుమని గుచ్చలె. ఎముకలు ఇరిగిన పెద్ద కేసులైతే మామునూరు వెటర్నరీ కాలేజీకి తీసుకపోతమని చెప్పిండ్రు.

ఇగ నచ్చనియి. ఫోన్. రోడ్డు మీద జీవం కొట్టుకుంటుంటే నాలుగుసార్లు రింగైతే మనిషికి పాణం పోయినట్టైతది, ఒకటే నంబర్, ఒకటే అమ్మాయి, ఆమే వంట, ఆమే మందులు. ఇంకో నంబర్ పెట్టుకోవాలె. రెండోది షెడ్డు, రేకుల షెడ్డు, మన ఓరుగల్లు ఏప్రిల్ ఎండ తెలుసు కదా, రెండు కూలర్లు ఉంటే అయి ఆపరేషన్ అయిన వాటికి, పిల్లులకు పెట్టిండ్రు, మిగతా కుక్కలు తడిపిన గోనెల మీద పండుకొని రొప్పుతున్నయి. వాళ్ళది తప్పనను, గానీ చూస్తే కడుపుల దేవినట్టైంది. మూడోది, తొమ్మిది రోజులు బంతి ఎట్లున్నదో ఒక్క ఫొటో పెట్టలె, నేను పోయి చూసుకున్న. వారానికి ఒక్క ఫొటో పెడితే తెచ్చిచ్చినోళ్ళు మళ్ళ మళ్ళ వస్తరు, ఇది నేను వాళ్ళ ముందటనే చెప్పిన, సరే అక్కా అన్నరు, ఇప్పుడు పెడ్తున్నరు.

ఇంకొకటి, మంచిగున్న కుక్కను మా సందుల లొల్లి చేస్తున్నదని తీసుకపోతే వీళ్ళు తీసుకోరు, ఆపరేషన్, రేబిస్ సూది చేపిచ్చి ఉన్న కాడనే ఉండనియ్యుమంటరు. దీనికి కొందరు కోపానికొస్తరు. నేను మాత్రం వాళ్ళ దిక్కే. ఉన్న జాగల దెబ్బలు తాకినయే పడ్తలేవు.

ఇప్పుడు నేను ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం. బంతి పుండు మానినంక ఇల్లు చూసుడు మొదలువెట్టిండ్రు. మా ఇంట్ల మా అత్తమ్మకు దమ్ము రోగం (ఆస్తమా) ఉన్నది, డాక్టర్ జంతువులొద్దన్నడు, లేకుంటే నేనే సాదుకుందును. మొదలు ఒక కోళ్ళఫారం ఆయన వచ్చిండు, మంచి కారు, మంచి మాట, 5,000 డొనేషన్ గూడ ఇస్తనన్నడు. రాత్రి యాడ పండుకుంటది అని అడిగిండ్రు. "ఫారం గేటు కాడ గొలుసు ఉంటది కదా" అన్నడు. ఇయ్యం అన్నరు. నాకు అప్పుడు కోపం వచ్చింది, తిండి దొరుకుతది కదా, ఏం పెద్ద కలెక్టర్ సంబంధం చూస్తున్నరా అని ఆ అమ్మాయి మొకం మీదనే అన్న. ఆమె ఏమనలె. లోపలికి పోయి ఒక చిన్న గోలీల డబ్బ తెచ్చి మూత తీసి చూపిచ్చింది, నీలం తాడు ముక్కలు మూడు, ఎండిపోయి గట్టిగైనయి. "దీని మెడకు మళ్ళ ఏదన్న కడితే మేం ఇన్ని రోజులు ఏం చేసినట్టు అక్కా" అన్నది. నేను సారీ చెప్పిన.

రెండు నెలలు ఆగిండ్రు. తర్వాత కాజీపేటల రైల్వేల పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, ఆయన ఇంటామె వచ్చిండ్రు. ప్రశ్నలు మస్తు అడుగుతరు, సంబంధం మాట్లాడినట్టే, సొంతిల్లా కిరాయా, కిరాయైతే ఓనర్ ఒప్పుకున్నడా, ఊరికి పోతే ఎవరు చూస్తరు, పిల్లలు అమెరికా పోదాం రమ్మంటే దీన్నేం చేస్తరు, జబ్బు చేస్తే ఖర్చు ఎవరు పెడ్తరు. ఇంట్ల అందరితోని మాట్లాడుతరు, ఒక్కరు వద్దన్నా ఇయ్యరు. ఇంటికొచ్చి గేటు కింద సందెంత ఉన్నదో గూడ చూసిండ్రట. రెండు వారాలు ట్రయల్, కుదరకుంటే వాపస్ తెచ్చియ్యుండ్రి ఏమనం అని ముందే చెప్తరు, ఈ మాట నాకు మస్తు నచ్చింది, ఎందుకంటే తిడతరేమో అని భయపడే జనం రోడ్డు మీద ఇడిసిపెడ్తరు. పిల్లలు కాకుండ ఆపరేషన్, టీకాలు అన్ని అయినంకనే పంపుతరు, బంతికి మాత్రం మెడ బెల్టు కాదు, ఛాతీ చుట్టు ఏసే హార్నెస్ ఇచ్చి, మెడకు పూసల దండ గూడ ఏయొద్దని కాయితం మీద రాపిచ్చుకున్నరు.

కంప్లైంట్ గూడ ఇద్దామన్నరు. వాళ్ళే రాసి పెట్టిండ్రు. 1960 నాటి జంతు హింస చట్టం కింద మొదటిసారి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకనట, విని నా కడుపు రగిలింది, ఆ తాడు గూడ అంతకంటే ఎక్కువ ధర ఉంటది. ఐపీసీ జాగల వచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహితల సెక్షన్ 325 ఉన్నది, జంతువును చంపినా, విషం పెట్టినా, పనికిరాకుండ చేసినా ఐదేండ్ల దాక జైలు, అది గూడ రాసిండ్రు. సంతకం పెట్టి ఇచ్చిన. ఆ కిరాయోళ్ళ ఫోన్ అయితే ఇప్పటికీ స్విచ్ఛాఫే.

పోయిన నెల కాజీపేట పోయి చూసొచ్చిన. నున్నగైంది, పక్కటెముకలు కనపడ్తలేవు, మెడ చుట్టు మాత్రం వేలెడు వెడల్పున బొచ్చు రాలె, రాదట ఇగ. పెద్దాయన తల నిమురబోతే ఇప్పటికీ ఒక్క క్షణం కండ్లు మూసుకొని గట్టిగైతది, అందుకే ఆయన చెయ్యి గదువ కిందికెల్లి పెడ్తడు, అప్పుడు మెల్లగ తలకాయ తెచ్చి ఆయన చేతుల పెడ్తది. "మూడు నెలలు పట్టింది బిడ్డా ఇది నేర్చుకోనీకి, దానికి కాదు, నాకు" అన్నడు.

షెల్టర్‌కు పోయేటోళ్ళు బిస్కెట్ పాకెట్లు తీసుకపోకండి, అయి వద్దంటరు. పాత బెడ్‌షీట్లు, న్యూస్‌పేపర్లు, బియ్యం, గాజుగుడ్డ, బెటాడిన్ తీసుకపోండి. నాలుగు స్టార్లే ఇచ్చిన, ఆ ఒక్కటి ఫోన్‌కు, షెడ్డుకు. షెడ్డు కోసమని మా కోల్డ్ స్టోరేజీల అందరం తలా ఇంత ఏసుకొని ఒక కూలర్ కొన్నం, ఈ ఆదివారం దించి వస్తం, మార్చి వచ్చేలోపల ఇంకో రెండు పడాలె.