మూడు స్వరస్థానాల ‘వార్మ్‌త్’ అమ్ముతున్నాడు, జాగ్రత్త!

కోపం చల్లారాక రాద్దామనుకున్నాను. చల్లారట్లేదు. నాకు పాత టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) అంటగట్టిన మహానుభావుడు ఇవాళ పొద్దున ఇంకోటి అమ్మకానికి పెట్టాడు. అదే మోడల్, దాని కింద నాకు పంపిన వీడియోనే. కొత్తది తీసే ఓపిక కూడా లేదన్నమాట. పాత వలకే చేపలు పడుతుంటే కొత్త వల ఎవరు అల్లుతారు?

పేరు రాయను. పాత డెక్‌ల (టర్న్‌టేబుళ్ళనే అలా అంటారు) కోసం తిరిగేవాళ్ళలో ఆయన తెలియనివాళ్ళు తక్కువ. ప్రతి ప్రకటన కిందా “వినే చెవి ఉన్నవాళ్ళకే ఇస్తాను” అని రాస్తాడే, ఆయన. ఆ వాక్యం చదివి నాకూ చెవి ఉందని నిరూపించుకోవాలనిపించింది చూడండి, అక్కడే అయిపోయింది నా పని.

ముందు కథ ఎక్కువ లేదు. ఎల్‌పీ రికార్డులు వినడం మొదలుపెడదామనుకున్నాను. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 లాంటి డైరెక్ట్ డ్రైవ్ డెక్ (మోటారే నేరుగా తిప్పేది) మీద మనసుండేది. “అవి డీజేలకి బ్రదర్, పాట వినాలంటే బెల్ట్ డ్రైవే” అన్నాడు, అంటే మోటారు రబ్బరు బెల్ట్‌తో తిప్పేది. సరే అన్నాను. పాత మోడల్, చెక్క బేస్, ఫోటోల్లో పెళ్ళికొడుకులా ఉంది. 36 సెకన్ల వీడియో పంపాడు. రికార్డు తిరుగుతోంది, పాట శుభ్రంగా వస్తోంది. డబ్బు పంపేశాను. మొత్తం. ముందే. ఎందుకని అడగకండి, నన్ను నేనే అడుగుతున్నాను.

డెక్ వచ్చిన రోజు యాంప్లిఫయర్‌లో ఆక్స్ అనే మామూలు ఇన్‌పుట్‌కి కలిపితే దోమ పాడినట్టు వినిపించింది. ఇది నా తెలివితక్కువతనమే, ఆయన మీద వెయ్యను. సూది ఉండే కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులు. దాన్ని పెంచడానికి మధ్యలో ఫోనో ప్రీయాంప్ కావాలి. పైగా రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచి కోస్తారు, దాన్ని తిరిగి సరిచేసేదీ అదే. ఈ సంగతి తెలియక ఆయనకే ఫోన్ చేశాను. చాలా ఓపిగ్గా చెప్పాడు. “కొత్తవాళ్ళకి ఇవన్నీ మామూలే బ్రదర్, ఎప్పుడైనా చెయ్యండి” అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ప్రీయాంప్ కొని, ఎర్త్ వైరు బిగించి, సూది దించాను. సౌండ్ వచ్చింది. గొంతు మాత్రం ఏదోలా ఉంది. బరువుగా, నిద్రమత్తులో ఉన్నట్టు. నాకు బాగా తెలిసిన గాయని, తెలిసిన పాట. మళ్ళీ ఫోన్ చేశాను. ఆయన నవ్వాడు. చిన్నపిల్లాడి ప్రశ్నకి పెద్దవాళ్ళు నవ్వే నవ్వు.

“అదే బ్రదర్ వార్మ్‌త్, రికార్డు సౌండ్‌లో ఉండే వెచ్చదనం అంటే. మీ చెవులు ఎమ్‌పీ3లకి అలవాటుపడ్డాయి. ఎనలాగ్ ఇలాగే ఉంటుంది. ఓ వారం వినండి, ఫోన్‌లో పాట వినబుద్ధి కాదు మీకు.”

నమ్మాను. నాలుగు రోజులు నమ్మాను. కళ్ళు మూసుకుని తల ఊపుతూ విన్నాను. స్నేహితుణ్ణి పిలిచి కూర్చోబెట్టి “చూశావా ఆ డెప్త్” అన్నాను. వాడు మొహమాటస్థుడు, “అవునురా, తేడా తెలుస్తోంది” అన్నాడు. తెలియక చస్తుందా!

లేబుల్ మీద ఆ సైడు 20 నిమిషాలని ఉంది. నాకు 24 నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలు బోనస్ అనుకున్నానేమో, ఆ తేడా నాకు తట్టనే లేదు.

పట్టుకున్నది అమ్మ. చిన్నప్పుడు ఐదేళ్ళు పాట నేర్చుకుంది. పక్క గదిలోంచి, “అదేమిట్రా, ఆవిడకి పడిశం పట్టిందా?” అంది. వచ్చి కాసేపు నిలబడి పాటతోపాటు కూనిరాగం తీసి, ఆపేసింది. “మూడు స్థానాలు కిందకి దిగిపోయింది శ్రుతి. తాళం కూడా సాగుతోంది” అంది. దానికి నేనేమన్నానో రాయాలంటే సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. “అది ఎనలాగ్ అమ్మా, నీకు అర్థం కాదులే.”

ఆయన మాట నా నోట్లోంచి వచ్చింది. మా అమ్మ మీదకి.

రాత్రి పడుకోబోయే ముందు అదే పాట ఫోన్‌లో పెట్టి, పక్కనే రికార్డు పెట్టాను. రెండూ వేరే మనుషులు పాడినట్టున్నాయి. డెక్‌ని మామూలు 33⅓ నుంచి 45కి (నిమిషానికి చుట్లు) మార్చి చూశాను. ఇప్పుడు శ్రుతి పైకి పోయింది, రెండు స్థానాలు. ఒక స్పీడులో కిందకి మూడు, ఇంకో స్పీడులో పైకి రెండు. అసలు పాట ఆ రెండింటి మధ్య ఎక్కడో ఉండిపోయింది.

ఆయనకి చెప్తే, “45లో పెట్టుకోండి మరి, కొంచెం హుషారుగా ఉంటుంది” అన్నాడు. జోక్ అనుకున్నాను. కాదు, సలహానే. గట్టిగా అడిగితే “బెల్ట్ సాగిపోయి ఉంటుంది, మార్చండి” అన్నాడు. పాతది తీసి పారేసి కొత్తది వేశాను. వెంట్రుకవాసి కూడా మారలేదు. మధ్యలో సూది గాడి దాటి గెంతుతోందంటే, “వెనక వెయిట్ ముందుకి తిప్పండి” అన్నాడు. తిప్పాను. తర్వాత చిన్న తూకం కొని సూది కింద పెట్టి చూస్తే దాని బరువు 4 గ్రాములు దాటింది. ఆ కార్ట్రిడ్జ్‌కి ఉండాల్సింది 2 గ్రాములు. ఆ బరువుతో నేను కొన్న మొట్టమొదటి కొత్త ఎల్‌పీని ఎన్నిసార్లు దున్నానో లెక్క పెట్టుకోలేదు. పెట్టుకోను కూడా.

చివరికి డెక్‌ని సంకలో పెట్టుకుని పాత రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన పాట కూడా వినలేదు. రికార్డు కూర్చునే పళ్ళెం, అదే ప్లాటర్, తీసి పక్కన పెట్టాడు, డెక్‌ని మెల్లగా ఓ పక్కకి ఒరిగించాడు, వెనకాల ఉన్న చిన్న రేకు ప్లేటు మీద వేలు పెట్టాడు. మోడల్ నంబరు కనబడుతోంది. వోల్టేజీ 120 అని కనబడుతోంది. దాని పక్కన గుండ్రటి ఆకుపచ్చ స్టిక్కరు, ‘టెస్టెడ్ ఓకే’ అని. అది నేను మొదటి రోజే చూశాను. చూసి ముచ్చటపడ్డాను కూడా, ఎంత పద్ధతిగల మనిషో అని.

పెద్దాయన కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. “ఇంత ప్లేటుంది కదా, సరిగ్గా ఇక్కడే ఎందుకు అంటించారు బాబూ?” అన్నాడు. బొటనవేలి గోరుతో అంచు లేపాడు. సగం చిరిగి, సగం జిగురుతో లేచింది. కింద తెల్లటి అక్షరాల్లో: 60 హెర్ట్జ్.

అంతే. ఇంక ఆయన చెప్పక్కర్లేదు, అయినా చెప్పాడు. ఇలాంటి పాత డెక్‌లో ఏసీ సింక్రనస్ మోటారు ఉంటుంది. వోల్టేజీ ఎంతున్నా దానికి పట్టదు. కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగితే ఆ లెక్కనే తిరుగుతుంది. ఇది 60 హెర్ట్జ్ కోసం చేసిన మెషీను. మా ఇంట్లో వచ్చేది 50. అంటే ఆరో వంతు వేగం పోయినట్టే. 33⅓ తిరగాల్సింది 28 కూడా తిరగదు. శ్రుతి మూడు స్థానాలు దిగుతుంది. అమ్మ చెప్పిన మూడే.

ఇంకో విషయం. డెక్‌తోపాటు ఆయన ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పంపాడు, “నా తరఫున గిఫ్ట్ బ్రదర్” అని. 120 వోల్టుల మెషీనని తెలుసు కాబట్టే కదా పంపాడు? ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని దించుతుంది, హెర్ట్జ్‌ని ముట్టుకోదు. అదీ తెలుసు కాబట్టే కదా స్టిక్కరు అక్కడ పడింది?

మరి వీడియోలో పాట అంత శుభ్రంగా ఎలా వచ్చిందని మీకు అనుమానం రావాలి. నాకూ వచ్చింది. నా ఫోన్‌లో ఆ వీడియో పోయింది, కానీ కొన్న రోజు గొప్పగా మా బావకి ఫార్వర్డ్ చేశాను. అక్కడ దొరికింది. లేబుల్ మీద బొమ్మ పైకి వచ్చినప్పుడల్లా వేలు మడిచి లెక్కపెట్టాను. సరైన వేగంలో ఒక చుట్టుకి 1.8 సెకన్లు, 36 సెకన్లకి 20 చుట్లు రావాలి. 16 వచ్చాయి, పదిహేడోది సగం పైన ఆగింది. నాలుగుసార్లు లెక్కపెట్టాను. రికార్డు 28 లోపే తిరుగుతోంది. పాట మాత్రం సరైన శ్రుతిలో ఉంది. అమ్మ విని మరీ చెప్పింది. అంటే ఆ పాట ఆ రికార్డులోంచి రాలేదు. తర్వాత అతికించాడు. వార్మ్‌త్ గురించి నాకు పాఠం చెప్పిన మనిషి, వీడియోలో వాడింది ఏ ఎమ్‌పీ3నో!

ఫోన్ చేశాను. అరవకూడదని ముందే అనుకున్నాను, అరవలేదు కూడా. 60 హెర్ట్జ్ అని ఉందండీ అన్నాను. “అలాగా? నేను చూడలేదు బ్రదర్, నా దగ్గరికి వచ్చినప్పుడే అలా ఉంది.” ఆ స్టిక్కరు అంటించింది మీరే కదండీ అన్నాను. ఒక్క క్షణం ఏమీ లేదు. వెనకాల ఎక్కడో ఫ్యాన్ చప్పుడు వినబడింది. తర్వాత వచ్చిన గొంతు వేరు. ఆ ‘బ్రదర్’ పోయింది, ఆ ‘మీరు’ పోయింది.

“చూడు, ప్రీయాంప్ అంటే ఏంటో తెలియని వాడివి నువ్వు. ఆక్స్‌లో పెట్టి సౌండ్ రావట్లేదని ఏడ్చినోడివి. నాకు హెర్ట్జ్ నేర్పుతావా?”

కొత్తవాళ్ళకి మామూలే అన్నాడే, అదే ప్రశ్న. దాచుకుని, పదును పెట్టుకుని, అవసరం వచ్చినప్పుడు తీశాడు. డబ్బు పోయినందుకు ఇంత మండలేదు, నిజం చెప్తున్నాను. సరే, డెక్ వెనక్కి తీసుకోండి అన్నాను. “ఎలా తీసుకుంటా? బెల్ట్ మార్చావు. ఒరిజినల్ బెల్ట్ లేని డెక్ నేను తీసుకోను” అన్నాడు. మార్చమన్నదే మీరు కదా అనేలోపు లైను పోయింది. మళ్ళీ చేస్తే కలవదు. మెసేజ్ పెడితే వెళ్ళదు. నా చెవి ఆయన ప్రమాణాలకి తూగలేదన్నమాట.

కొనబోయేవాళ్ళకి రెండు ముక్కలు. వెనక ప్లేటు ఫోటో అడగండి, ఏ స్టిక్కరూ లేకుండా, హెర్ట్జ్ కనబడేలా. వీడియోలో చుట్లు లెక్కపెట్టండి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. పాట నడుస్తుండగా వేలితో ప్లాటర్ అంచుని కాస్త అదమమనండి. నిజంగా రికార్డులోంచి వస్తున్న పాటైతే మూలుగుతూ సాగుతుంది, అతికించిందైతే హాయిగా పాడుకుంటూ పోతుంది. మొదటిసారి కొనేవాళ్ళు ఎడాప్టర్‌తో నడిచే డీసీ మోటారుదో, క్వార్ట్జ్ లాక్ (వేగాన్ని క్వార్ట్జ్ గడియారంలా నిలిపేది) ఉన్న డైరెక్ట్ డ్రైవో చూసుకుంటే ఈ హెర్ట్జ్ గొడవే ఉండదు. పార్సిల్‌లో ప్లాటర్, కౌంటర్‌వెయిట్ (ఆ వెనక వెయిటే) విడిగా ఊడదీసి పంపమనండి. నాకు అన్నీ బిగించే పంపాడు, అయినా ఏమీ విరగలేదు. ఆ మాత్రం అదృష్టం ఉంది.

పెద్దాయన అన్నదాని ప్రకారం దీనికి మందు, మోటారు మీద బెల్ట్ పట్టుకుని తిరిగే పుల్లీ మార్చడం. 50 హెర్ట్జ్‌కి చేసిన పుల్లీ కాస్త లావుగా ఉంటుంది, ఇప్పుడున్న దానికి ఐదో వంతు ఎక్కువ. ఈ మోడల్‌కి ఆ పుల్లీ ఎవరి దగ్గరైనా ఉంటే, లేకపోతే లేత్ మీద ఇత్తడితో కచ్చితంగా తీసిచ్చేవాళ్ళు తెలిస్తే చెప్పండి, కొలతలు పంపుతాను. ఇవాళ్టి ప్రకటనలో ఆయన దగ్గర “స్పేర్ పార్టులు కూడా ఉన్నాయి” అని రాశాడు. చూశాను. ఆ సలహా ఎవరూ ఇవ్వకండి.