హనుమకొండలో అద్దె బ్లోయర్: కంచ ఉన్నవాళ్లకు పనికొస్తుంది, షాపాయన సలహా మాత్రం వద్దు

గాలితో ఆకులు ఊడ్చే, వీపుకు తగిలించుకునే పెట్రోల్ బ్లోయర్, రోజుకు 600 అద్దె, ఆధార్ జిరాక్స్ పెట్టుకుంటారు. ఎండాకాలం మొదలైతే చాలు, మా దిక్కు తునికాకు చిగురు కోసమో, ఇప్పపువ్వు ఏరడానికో ఎవరో ఒకరు అగ్గి పెడతారు, అది గాలికి మన కంచలోకి, అంటే పశువుల మేతకు వదిలిన గడ్డి భూమిలోకి వస్తుంది. అందుకే ఫారెస్టోళ్లలాగా హద్దు వెంట ఫైర్ లైన్, అంటే మంట దాటకుండా ఆకూ గడ్డీ తీసేసిన పట్టీ, తీసుకున్నా. రాలిన ఆకును మిషన్ ఇట్టే ఊడ్చేసింది. నిలబడ్డ బోదగడ్డిని మాత్రం కదిలించలేదు, ముందు కోయాల్సిందే.

షాపాయనేమో "ఇదంతా ఎందుకన్నా, కంచ మొత్తం కాల్చెయ్, వానలకు గడ్డి జబర్దస్త్ వస్తది" అన్నాడు. సగమే నిజం. ఎండుగడ్డి మంట క్షణాల్లో దాటిపోతుంది, వేడి మట్టిలోకి పెద్దగా దిగదు, దుబ్బు మొదట్లో ఉన్న మొగ్గ బతుకుతుంది, పైనున్న పాత గడ్డి పోయి వెలుతురు తగిలి పిలకలు వేస్తుంది. బట్టలకు గుచ్చుకునే ముళ్లగడ్డి గింజనైతే చూడాల్సిందే, దాని తోక తడికి, ఎండకు మెలితిరుగుతూ గింజను మట్టిలోకి దింపేస్తుంది, ఇక మంట దాన్నేం చేస్తుంది!

అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని కోంజా గడ్డిమైదానంలో 1970ల నుంచి ఒక్కో ముక్కను ఏటా, 2, 4, 20 ఏళ్లకోసారి కాలుస్తూ చూస్తున్నారు. ఏళ్లకేళ్లు వదిలేసి అరుదుగా కాల్చిన చోట పొదలు, చెట్లు కమ్ముకున్నాయి. కానీ అక్కడ పశువుల పెంపకందార్లు మామూలుగా గడ్డి పచ్చబడే ముందు, ఏప్రిల్‌లో కాలుస్తారు, వెంటనే వానలు, వేర్లు 2 మీటర్ల పైనే. మన దగ్గర మార్చిలో కాల్చితే జూన్ దాకా నేల బోసిగా ఎండుతుంది, నత్రజని పొగలో పోతుంది, మొదటి గట్టివానకు గుట్ట మీది మట్టి బూడిదతో సహా చెరువులోకి. ఆపైన వచ్చిన లేత చిగురును గొర్లు కొరికేస్తే దుబ్బుకు ఇంకేం మిగులుతుంది? లాంటానా అనే కలుపు పొద మాత్రం కాలినా మోడు నుంచి మళ్లీ లేస్తుంది, దాన్ని వేర్లతో పెకలించాల్సిందే.

సొంత కంచలో కాల్చాలనే ఉంటే వానలకు కాస్త ముందు, గాలిలేని పొద్దున, చుట్టూ ఫైర్ లైన్ తీసి ఒక మూలే కాల్చండి. అడవిలో నిప్పు పెడితే కేసు.

ఇక మిషన్ సంగతి: భుజం పట్టీ బకిల్ విరిగి ఉంది, తువ్వాలతో కట్టుకున్నా, చెప్తే షాపాయన పట్టించుకోలేదు. స్టార్టింగ్ తాడు మొండిది. మూడున్నర స్టార్లు. నిలబడ్డ గడ్డి కోసే మిషన్, బ్రష్ కట్టర్ కూడా కలిపి అడగండి, బేరమాడితే తగ్గిస్తాడు.